పత్తిలో పాతిన రోకలి

పోయిన వారం సత్తెనపల్లి నుంచి కార్డు వచ్చింది. పత్తి మిల్లు గుమాస్తా రాశాడు. పైన ఎప్పుడూ ఉండే 'శ్రీ' లేదు కాబట్టి చదవకముందే సంగతి తెలిసిపోయింది. అలాంటి కార్డు చదివిన వెంటనే చించి పారెయ్యాలట, ఇంట్లో ఉంచకూడదట. మా అమ్మ వంటింట్లోంచి "చించావా?" అని రెండుసార్లు అడిగింది. చించేశానని చెప్పాను. అబద్ధం చెప్పడం నాకు బాగానే వచ్చు. ఆ సంగతి ఆ పోయిన మనిషికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

ఊళ్ళో ఆయన్ని అందరూ మిలిటరీ ఆయన అనేవారు. నేను బాబాయి గారూ అని పిలిచేదాన్ని. మిల్లు గేటు దగ్గర కాపలా ఉద్యోగం. అంతకు ముందు ఇరవై ఏళ్ళు సైన్యంలో, అందులో సగం మంచుకొండల మీద. అలాంటివాడంటే మనకి మెలితిప్పిన మీసాలూ, యుద్ధం కబుర్లూ గుర్తొస్తాయి. నిజం చెప్పాలంటే ఆయనంత భయస్తుణ్ణి నేను ఇంతవరకు చూడలేదు.

కుర్చీ వేస్తే వెంటనే కూర్చునేవారు కాదు. ముందు వంగి దాని కాళ్ళు చూసేవారు. తర్వాత అరచెయ్యి ఆనించి, ఒంటి బరువంతా వేసి నొక్కేవారు. కిర్రుమందంటే నిలబడే మాట్లాడేవారు. మంచమైతే నులక వేళ్ళతో మీటి చూసేవారు. ఏ వస్తువుని చూసినా ఆయన అడిగేది ఒక్కటే, "దీన్ని ఏది పట్టుకొని ఉందమ్మా?" మా హెడ్‌మిస్ట్రెస్ గారి గదిలో గోడ గడియారాన్ని చూసి కూడా అదే అడిగారు. ఆవిడ "మేకు" అన్నారు. "మరి మేకుని?" అన్నారాయన. ఆవిడ ఆ రోజు కుర్చీ గడియారం కింద నుంచి ఇవతలికి జరుపుకున్నారు.

ఒకసారి మిల్లు యజమాని ఇంట్లో పెళ్ళి. జనమంతా తలంబ్రాల సందడిలో ఉంటే ఈయన పందిరి వెనక్కి వెళ్ళి, తాళ్ళు ఒక్కొక్కటే విప్పి మళ్ళీ కడుతున్నారు. మగపెళ్ళివారు చూసి, ఎవడో పందిరి కూల్చబోతున్నాడని కేకలు పెట్టారు. చెయ్యి చేసుకునేదాకా వచ్చింది. ఆయన మాత్రం తాడు వదల్లేదు. "గూటం నిటారుగా దిగ్గొట్టారండీ. లాగే వైపుకి ఎదురుగా వెనక్కి వాలి ఉండాల. గాలొస్తే లేస్తది" అంటూనే ఉన్నారు. ఆ రోజు ఆకు కూడా కదల్లేదు. ఊరు నెల రోజులు చెప్పుకుని నవ్వుకుంది. నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను.

అప్పట్లో నేను అక్కడి ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచర్ని. మాది దర్శి దగ్గర పల్లె. ఇరవై నాలుగేళ్ళ వయసు, నోటికి అదుపు లేదు, భయమంటే ఏమిటో ఎరగను. ఎనభైల్లో పేపర్లలో మంచుకొండలెక్కే ఆడవాళ్ళ ఫొటోలు తరచుగా పడేవి. అవి చూసి నేనూ ఒక అర్జీ పెట్టాను. హిమాలయాల్లో నెల రోజుల శిక్షణకి ఎంపికైనట్టు ఉత్తరం వచ్చింది. మంచంటే ఐసుపుల్ల తప్ప తెలియనిదాన్ని. హెడ్‌మిస్ట్రెస్ గారు ఆ ఉత్తరంతో నన్ను ఆయన దగ్గరికి పంపారు.

మెచ్చుకుంటారనుకున్నాను. ఉత్తరం చదివించుకుని, మడిచి, నా చేతిలో పెట్టారు.

"పోవద్దు."

"అదేంటండీ!"

"ఆడ నిన్ను ఏదీ పట్టుకోదమ్మా. మట్టైతే పట్టుకుంటది. రాయైతే పట్టుకుంటది. మంచు పట్టుకోదు. పట్టుకునేటట్టు మనం చెయ్యాల."

"అదెట్టా చెయ్యాలో చెప్పండి మరి. వెళ్ళడం మాత్రం ఖాయం."

ఆయన మిల్లు యార్డులోకి చూశారు. మార్చి నెల. పల్లెల నుంచి బండ్ల మీద వచ్చిన పత్తి గుట్టలు గుట్టలుగా పోసి ఉంది. ఎండలో అటు చూస్తే కళ్ళు చెదిరిపోయేవి. "రేపు ఒక రోకలి తీసుకురా" అన్నారు.

మర్నాడు బజారు మధ్యలో రోకలి భుజాన వేసుకుని నడిచాను. కిళ్ళీ కొట్టు దగ్గర కుర్రాళ్ళు "టీచరుగారూ, ఎవర్ని దంచబోతున్నారండీ?" అన్నారు. "మిమ్మల్నే. లైన్లో నిలబడండి" అన్నాను.

ఆ పత్తి గుట్టే నాకు మంచుకొండ అయింది. గుట్ట వాలులో మోకాలి లోతు గొయ్యి తవ్వించారు. లాగే వైపుకి అడ్డంగా అందులో రోకలి పడుకోబెట్టి, సరిగ్గా దాని నడుముకి మోకు కట్టించారు. పైన పత్తి కప్పి, మడమలతో తొక్కమన్నారు. ముందు వైపు మాత్రం అడుగు పెట్టనివ్వలేదు. "రోకలి ముందర ఉన్నదే నిన్ను కాసేది. దాన్ని కెలికావంటే నీ గొంతు నువ్వు కోసుకున్నట్టే" అనేవారు. తర్వాత పత్తి ఏరే ఆడవాళ్ళు నలుగుర్ని పిలిచి మోకు లాగమనేవారు. వాళ్ళు నవ్వుకుంటూ, ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుతూ లాగేవారు. మోకు పత్తిని కోసుకుంటూ లోపలికి దిగేది, రోకలి కదిలేది కాదు.

అన్నిటికంటే విసుగు పుట్టించేది కూర్చోవడం. తొక్కాక అన్నం ఉడికేంతసేపు దాని జోలికి పోకూడదు. తొక్కిన మంచు ఆ కాస్త సేపట్లో గట్టిపడుతుందట. "పత్తి గట్టిపడదు కదండీ, ఇక్కడెందుకు కూర్చోవడం?" అంటే వినేవారు కాదు. "కూర్చోటం నేర్చుకోవాల. చేతకానిది అదే" అనేవారు. రోజూ బడి వదిలాక ఆ గుట్ట పక్కన ఇద్దరం అలా కూర్చునేవాళ్ళం, ఎవరి పొయ్యి మీదో అన్నం ఉడుకుతున్నట్టు.

అలా కూర్చున్నప్పుడే ఒక రోజు అడిగాను. "మీకెందుకండీ ఇంత భయం? మీ కళ్ళ ముందు ఎవరైనా పోయారా?"

"ఎవరూ పోలా."

"మరి?"

"నిలబడింది. అందుకు."

నాకు అర్థం కాలేదు. ఆయన నేల చూపులు చూస్తూ చెప్పారు. "పైపోస్టుకి సామాను చేరేస్తన్నాం. ఆలీసమైందని ఆఫీసరు కేకలు. గోతాంలో మంచు నింపి పాతాను. సరిగ్గా తొక్కలా. గట్టిపడనియ్యలా. దానికి తాడు కట్టుకొని నాలుగడుగులు దిగానో లేదో కాళ్ళ కింద మంచు మొత్తం జారి లోయలో పడ్డది. తాడు మీద వేలాడాను, పొద్దున్నించి మధ్యాన్నం దాకా. అందరూ కింద లోయ చూసి భయమేసిందా అంటారు. కిందకి చూడలేదమ్మా నేను. పైన పాతింది నేనేగా, అదెట్టాంటిదో నాకు తెలుసుగా. అది ఊడాల. ఊడలా. ఎందుకు ఊడలేదో ఈ రోజుకీ తెలీదు. తప్పుగా వేసింది నిలబడితే ఇంక దేన్ని నమ్మేది?"

బతికి బయటపడినవాడు సంతోషించాలి గానీ ఇదేం గోల అనుకున్నాను.

మే నెలలో వెళ్ళాను. మొదటి పది రోజులు రాళ్ళ మీద, ఆ తర్వాత మంచు మీద. గాలి హోరులో శిక్షకులు హిందీలో గబగబా చెప్పుకుపోయేవారు. నాకొచ్చిన హిందీ పరీక్ష పాసవడానికి సరిపోయిందే తప్ప ఆ గాలిలో పనికొచ్చేది కాదు. అయినా తల ఊపుతూ ఉండేదాన్ని. ఇదంతా మా బాబాయి గారు చెప్పేశారన్న ధీమా. నా వంతు వచ్చినప్పుడు గొయ్యి తవ్వాను, మంచు కొట్టే గొడ్డలి అడ్డంగా పెట్టాను, తాడు కట్టాను, తొక్కాను, అన్నం ఉడికేంతసేపు కూర్చున్నాను. నాతో జతపడిన అస్సాం పిల్ల ఆ తాడు నడుముకి కట్టుకుని, నా వైపు చూసి నవ్వి, వెనక్కి వాలింది.

గొడ్డలి పైకి లేచింది. ఏదో మొక్కని వేళ్ళతో సహా పీకినట్టు, కాస్త మంచు కూడా చెదరకుండా పైకి వచ్చేసింది. ఆ పిల్ల చేతులు చాపుకుని వాలు వెంట జారిపోయింది. నేను అరిచానో లేదో నాకు గుర్తు లేదు. అదృష్టవశాత్తూ కింద మెత్తటి మంచులో ఆగింది. మడమ దగ్గర ఎముక విరిగింది. ఇంకో పక్కకి జారి ఉంటే ఆపడానికి ఏమీ లేదు. స్ట్రెచర్ మీద తీసుకుపోతుంటే ఆ పిల్ల నన్ను ఒక్క మాట అనలేదు. ఆ రోజు నాకు భయమేమిటో తెలిసింది.

శిక్షకుడు నన్ను ఆ గోతి దగ్గరికి తీసుకెళ్ళి వేలితో చూపించాడు. తాడు గోతి అంచు మీదే ఉండిపోయింది. అందువల్ల లాగేసరికి గొడ్డలిని పైకి ఎత్తింది. గోతి అడుగు నుంచి లాగే వైపుకి అంతే లోతుగా గాడి కొట్టి, తాడుని అందులో దించాలి. పత్తిలో మోకు తన దారి తనే కోసుకుంటుంది. గట్టి మంచులో ఆ దారి మనం కొయ్యాలి. బాబాయి గారు ఆ ఒక్కటీ చెప్పలేదు. నేను అడగలేదు.

తిరిగి వచ్చేసరికి ఆయన బస్టాండులో ఉన్నారు. రెండు రోజులుగా గుంటూరు బస్సు వచ్చినప్పుడల్లా వచ్చి చూసిపోతున్నారట. గడ్డం గీసుకోలేదు, మనిషి సగమయ్యారు. నా సంచి అందుకోకుండానే అడిగారు. "నిలబడిందా?"

ఆ ముఖం చూసి ఎలా చెప్పను? "నిలబడిందండీ. ఆరుగురు లాగినా కదల్లేదు" అన్నాను. ఆరుగురు అన్న మాట నోట్లోంచి దానంతటదే వచ్చింది.

ఆయన పక్కనున్న సిమెంటు బల్ల మీద కూర్చుని కళ్ళు మూసుకున్నారు. ఆ రోజు నుంచి కాస్త మారారు. అప్పుడప్పుడు నవ్వేవారు. గేటు దగ్గరికి వచ్చినవాళ్ళకి నన్ను చూపించి "మా టీచరమ్మ" అనేవారు. నేను తల దించుకుంటే వినయం అనుకునేవారు. మంచి పని చేశాననే అనుకున్నాను. దానివల్ల ఎవరికి నష్టం?

మరుసటేడు వేసవి సెలవుల్లో మా ఊళ్ళో ఉండి, ఏదో స్కూలు పని పడి ఒక్క రోజు కోసం సత్తెనపల్లి వచ్చాను. గేటు దగ్గర ఆయన నన్ను చూడగానే ఎదురొచ్చారు. ఆయన ముఖంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు.

"నీ స్టూడెంటే, మిరపతోట వాళ్ళ పిల్ల లేదూ, గుంటూర్లో డిగ్రీ చదివే పిల్ల. నిన్ను చూసి తనూ అర్జీ పెట్టింది. వారం కిందటే పోయింది. నీకు చెప్పినట్టే చెప్పాను దానికి. నెల రోజులు తొక్కించాను. అంగుళం తేడా లేదు."

గేటు ఊచ పట్టుకున్నాను. అస్సాం పిల్ల చాచిన చేతులు కనిపించాయి. మిరపతోట పిల్ల నాకంటే మొండిది, దానికి హిందీ ముక్క రాదు. ఇది నాకు ముందే వచ్చునని అక్కడ అందరికీ చెప్పే రకం. నాలా.

"బాబాయి గారూ, నాది నిలబడలేదు."

"ఏందీ?"

"ఊడిపోయింది. ఒక పిల్ల కాలు విరిగింది. మీకు అబద్ధం చెప్పాను."

తిడతారనుకున్నాను. ఆయన గొంతు పెరగకపోవడంతో నాకు ఇంకా భయమేసింది. "తాడు పైన ఉందా, లోపలికి దిగిందా?" అన్నారు.

"పైనే ఉందండీ. అంచు మీద."

పక్కనే విరిగిన స్టూలు ఉంది. నొక్కి చూడకుండా దాని మీద కూలబడిపోయారు.

"గాడి" అన్నారు. "గాడి కొట్టమని చెప్పలా. చేతికి తెలుసమ్మా, అక్కడ ఎన్ని వందలు కొట్టానో. నోటికి తెలీలా. పత్తిలో దాంతో పని లేదు, గుర్తుకే రాలా."

వేళ్ళ మీద రోజులు లెక్క వేసుకున్నాం. ఇంకో నాలుగైదు రోజుల్లో వాళ్ళు మంచు మీదకి వెళ్తారు. నేను పోస్టాఫీసుకి పరిగెత్తి టెలిగ్రాం ఇచ్చి వచ్చేసరికి ఆయన ఖాకీ సంచీలో రెండు దుప్పట్లు కుక్కుతున్నారు.

"టెలిగ్రాం ఇచ్చానండీ."

"కింద ఆఫీసుకి పోతది. కొండ మీదకి దాన్ని ఎవడు మోస్తాడు?"

"అయితే నేను వెళ్తాను. తప్పు నాది. మీరు ఆ చలికి..."

"నువ్వు చెప్తే అది వినదు. తప్పు నేర్పింది నేనని నేనే చెప్పాల."

ఇరవై ఏళ్ళ కిందట ఆ తాడు మీద నుంచి దిగాక మళ్ళీ మంచు మొహం చూడనని ఒట్టు పెట్టుకున్న మనిషి. మజ్జిగలో ఐసు ముక్క వేస్తే గ్లాసు పక్కన పెట్టేసే మనిషి. మే నెల ఎండలో, గుంటూరు బస్సు మెట్టు మీద, ఆయన పళ్ళు టకటక కొట్టుకోవడం నా చెవులతో విన్నాను.

నేను మా ఊరు వెళ్ళలేదు. తినబుద్ధి కాలేదు. టెలిగ్రాం తెచ్చే మనిషి సైకిలు వీధిలోకి తిరిగితే చాలు, పై ప్రాణాలు పైనే పోయేవి. మూడో రోజు ఆ పిల్ల తల్లి బడి వెనక సందులో కనిపించింది. చాపల మీద ఎండుమిరప పోసుకుని తొడిమలు తీస్తోంది.

"మా పిల్ల మీకేమన్నా కార్డు రాసిందా అండీ? మీరు పోయొచ్చారుగా, ఏం భయం లేదని మా ఆయనకి నేనే చెప్పి పంపిచ్చా."

కళ్ళ నీళ్ళు వచ్చేశాయి. ఆవిడ గబగబా చాప పక్కకి లాగి, "ఘాటు పడట్టా లేదు, అటు గాలిలోకి రండి" అంది. ఇంటికి వచ్చి తలుపు వేసుకుని ఏడ్చాను. అంత దయగా మాట్లాడే మనిషికి నేను చేసిన పని అదీ.

పన్నెండో రోజు పొద్దున మిల్లు స్వీపరు వచ్చి, మిలిటరీ ఆయన వచ్చాడని చెప్పింది. చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను. ఆయన గేటు పక్కన కూర్చుని ఉన్నారు. మంచు ఎండకి ముఖం నల్లగా కమిలిపోయింది, ముక్కు మీద చర్మం ఊడిపోతోంది, పెదవులు పగిలి రక్తం కట్టాయి. ఆయన ఒక్కరే ఉన్నారు. ఆ పిల్ల పక్కన లేదు. శిక్షణ ఇంకా అయిపోలేదని నాకు తెలుసు, అయినా గేటు లోపలికి తొంగి చూశాను.

"ఆ పిల్ల..." అన్నాను.

"ఉంది."

నేల మీద కూర్చుండిపోయాను. ఆయన చెంబు ఎత్తి నీళ్ళు తాగి, మెల్లగా చెప్పారు.

"పోయేతలికి వాళ్ళు మంచు మీద ఉన్నారు. పెద్ద ఆఫీసరు పైకి పోనియ్యనన్నాడు. అయ్యా, ఈ పిల్లకి నేను తప్పు నేర్పాను, అందరి ముందరా చెప్తన్నా అన్నాను. అప్పుడు పోనిచ్చాడు. నాకు కాళ్ళు లేవలేదమ్మా. ఇద్దరు చెరో రెక్కా పట్టుకొని ఎక్కించారు, చిన్నపిల్లోణ్ణి ఎక్కించినట్టు. ఆ పిల్ల గొయ్యి తవ్వి, తొక్కి, పక్కన కూర్చొని ఉంది. అన్నం ఉడికేంతసేపూ. నేను చెప్పింది చెప్పినట్టు చేసింది. గాడి లేదు."

"తర్వాత?"

"ఎవర్నీ కట్టకుండా తాడు లాగిచ్చాను. ఊడొచ్చి నా కాళ్ళ కాడ పడ్డది. అది చూసి ఆ పిల్ల మొహంలో నెత్తురు లేదు. మళ్ళీ గాడి కొట్టి పాతించాను. ఈసారి నన్నే కట్టుకొని వేలాడాను, చూడమ్మా అని. కళ్ళు మూసుకునే వేలాడాన్లే. నేనొచ్చేటప్పుడు కూడా ముద్ద నోట్లో పెట్టుకోలేకపోయింది. ఇంక దానికేం కాదు. భయం పట్టుకుంది దానికి."

అంతసేపూ బిగపట్టుకున్నదంతా ఒక్కసారిగా తన్నుకొచ్చింది. ఆయన పాదాల దగ్గర తల పెట్టి ఏడ్చాను. "క్షమించండి బాబాయి గారూ. నిజం చెప్తే మీరేమైపోతారోనని భయపడ్డాను. మీ ముఖం చూసి భయపడ్డాను. అందుకే చెప్పలేకపోయాను" అన్నాను.

ఆయన నా తల మీద చెయ్యి వేశారు. తర్వాత, నిజంగానే అర్థం కాక అడుగుతున్నట్టు అన్నారు.

"అంత కొండ మీద అంత జరిగితే, చివరికి నువ్వు భయపడింది నన్ను చూసా అమ్మా?"